పగడాల తొట్టెకు పంపులు: కరెంటు పోయిన రాత్రి నుంచి లెక్క మొదలుపెట్టాలి

దక్షిణ ఒడిశాలో బరంపురంలోనో రాయగడలోనో అక్వేరియం దుకాణానికి వెళ్లి వేవ్‌మేకర్, అంటే తొట్టె నీటిలో అలలు పుట్టించే పంపు, కావాలంటే దుకాణదారు అడిగేది ఒకటే ప్రశ్న: తొట్టె ఎన్ని అడుగులు? మూడడుగులనగానే అట్టపెట్టె ఒకటి చేతిలో పెడతాడు. దాని మీద గంటకు ఇన్ని వేల లీటర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మంచినీటి చేపల తొట్టెకైతే ఈ పద్ధతి చెల్లిపోతుంది. ఉప్పునీటిలో పగడాలు పెంచేవారు మాత్రం ఆ అంకెను చివరగా చూడాలి. తొట్టెలో ఉండబోయే జీవులేమిటి, నీరు ఏ మూల నిలిచిపోతుంది, పంపు ఎంత వేడి పుట్టిస్తుంది, కరెంటు పోతే ఏది తిరుగుతూ ఉండాలి అన్నవి ముందు తేలాలి. అక్టోబరు వచ్చిందంటే తుపాను కబురు కోసం చెవి ఒగ్గే గంజాం, గజపతి జిల్లాల్లో ఈ చివరి ప్రశ్నకే మొదటి పీట వేయాలని నా అభిప్రాయం.

అసలు ప్రవాహం ఎందుకో రెండు మాటలు. పగడం ఉన్నచోటు నుంచి కదలదు. ఆహారం, ఆక్సిజన్ దాని దగ్గరికే రావాలి. అది వదిలే వ్యర్థం, జిగురు కొట్టుకుపోవాలి. నిలకడ నీటిలో పగడం ఒంటిని అంటిపెట్టుకొని కదలని నీటి పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర మందమయ్యేకొద్దీ లోపలికీ బయటికీ జరిగే మార్పిడి మందగిస్తుంది. ప్రవాహం దాన్ని పలచన చేస్తుంది. నీటి ఉపరితలాన్ని కదిలించి, గాలిలోని ఆక్సిజన్ కరిగేలా చేసేది కూడా పంపే.

మొదటి మెట్టు: ఏం పెంచబోతున్నారో తేల్చుకోండి

పంపు కన్నా ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. సముద్రంలోంచి ఏరి తెచ్చినా, ఎవరో ఏరినది కొన్నా నేరమే. పగడపు రాయి ముక్కల జోలికీ పోవద్దు. తొట్టెలో రాళ్లు కావాలంటే సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసినవి దొరుకుతాయి.

కాబట్టి మన ఇళ్లలో సాధారణంగా పెంచేది జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ కోరల్, జీనియా వంటి మెత్తని రకాలు. వీటినైనా బిల్లు ఇచ్చే అమ్మకందారు దగ్గరే కొనండి. పంపు ఎంపికకు ఇది మంచి కబురే, ఎందుకంటే మెత్తని రకాలకు మధ్యస్థమైన ప్రవాహం సరిపోతుంది. అభిరుచిపరుల వాడుక లెక్కలో తొట్టె నీటికి గంటకు 10 నుంచి 20 రెట్లు నీరు తిరిగితే చాలు. విదేశీ వీడియోల్లో వినిపించే 40 రెట్లు, 60 రెట్లు కొమ్ములు చాచే గట్టి పగడాల కోసం చెప్పేవి. ఆ అంకె విని పెద్ద పంపు తెచ్చి మష్రూమ్‌ల మీదికి వదిలితే అవి రాయి వదిలి తొట్టెలో తేలుతూ తిరుగుతాయి.

రెండో మెట్టు: నీటిని కొలవండి

మన దగ్గర ఎక్కువగా కనిపించే కొలత మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంగుళాల్లో 36, 18, 18. లెక్క కడితే 191 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేస్తే మిగిలేది దాదాపు 150 లీటర్లు. ఇక్కడి నుంచి ఈ తొట్టెనే ఉదాహరణగా తీసుకుంటాను. 15 రెట్లు అనుకుంటే మొత్తం ప్రవాహం గంటకు 2,250 లీటర్లు.

మూడో మెట్టు: రిటర్న్ పంపు

తొట్టె కింద బీరువాలో ఇంకో చిన్న తొట్టె, అంటే సంపు, పెట్టుకున్నవారికే ఈ మెట్టు. సంపు లేనివారు తర్వాతి మెట్టుకు వెళ్లిపోవచ్చు.

రిటర్న్ పంపు పని సంపులోని నీటిని పైకి పంపడం. తొట్టెలో అలలు పుట్టించే భారం దాని మీద వేయకూడదు. గంటకు నాలుగు రెట్లు, అంటే మన తొట్టెకు 600 లీటర్లు పైకి చేరితే చాలు. అయితే పెట్టె మీద 600 అని రాసి ఉన్నది కొంటే పైకి చుక్క కూడా ఎక్కకపోవచ్చు. పెట్టె మీది అంకె పంపు ఎత్తుకు ఎక్కించకుండా, ఉన్న మట్టంలోనే తోసినప్పటిది. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తగ్గుతుంది. పెట్టె మీద గరిష్ఠ ఎత్తు అని రాసినచోట సున్నా అవుతుంది.

ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలో చాలామంది పొరబడతారు. పంపు అడుగు నుంచి కాదు, సంపులోని నీటి మట్టం నుంచి పైన నీరు పడే మూతి వరకు కొలవాలి. స్టాండు 30 అంగుళాలైతే మన తొట్టెకు ఇది ఇంచుమించు ఒక మీటరు వస్తుంది. ఎల్బోలు, పైపు రాపిడి కలిపి 1.3 మీటర్లు అనుకోండి. ఇప్పుడు రెండు పంపులను పోల్చి చూడండి. ఒకదాని మీద గంటకు 1,200 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 1.5 మీటర్లు అని ఉంది. ఇంకోదాని మీద 1,500 లీటర్లు, 2.5 మీటర్లు అని ఉంది. ఉజ్జాయింపుగా, ఎత్తుతో పాటు నీరు సమంగా తగ్గుతుందనుకుంటే మొదటిది 1.3 మీటర్ల దగ్గర 160 లీటర్లే ఇస్తుంది, రెండోది 700 పైచిలుకు ఇస్తుంది. పెట్టెల మీద చూస్తే తేడా 300 లీటర్లే! కాబట్టి రిటర్న్ పంపు కొనేటప్పుడు లీటర్ల కన్నా ముందు గరిష్ఠ ఎత్తు చదవండి.

పైపు సన్నగా ఉంటే ఎంత మంచి పంపైనా గొంతు పట్టేస్తుంది. పంపు మూతి సైజు కన్నా తక్కువ పైపు వాడకండి. ముప్పావు అంగుళం పీవీసీ ఈ తొట్టెకు చక్కగా సరిపోతుంది. ఎల్బోలు ఎన్ని తగ్గిస్తే అంత మేలు. బిగించాక నిజంగా ఎంత వస్తోందో తెలుసుకోవడానికి బకెట్టు, గడియారం చాలు. పైన నీరు పడేచోట పది లీటర్ల బకెట్టు పట్టండి. నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు. ముప్పై సెకన్లలో నిండితే 1,200. అప్పుడు పంపు అవసరానికి మించి తోస్తున్నట్టే.

ఇక వెనక్కి దిగే నీరు. కరెంటు పోగానే రిటర్న్ పైపు సైఫన్‌లా మారి పై తొట్టె నీటిని కిందికి లాగుతుంది. మన తొట్టెలో ఒక్క అంగుళం నీరంటే పదిన్నర లీటర్లు. పైపు మూతి నీటిలో రెండంగుళాలు మునిగి ఉంటే 21 లీటర్లు సంపులోకి దిగుతాయి. సంపులో ఆ ఖాళీ లేకపోతే నీరు ఇల్లంతా పారుతుంది. మూతిని నీటి మట్టానికి అర అంగుళం లోపలే ఉంచండి. పైపుకు నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం పెడితే, మట్టం దాని కిందికి రాగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రంలో నాచు పెరుగుతుంది, నత్త కూర్చుంటుంది, కాబట్టి నెలకోసారి పుల్లతో శుభ్రం చేయాలి. నాన్ రిటర్న్ వాల్వును నమ్ముకోకండి; ఉప్పు గడ్డకట్టి అది పూర్తిగా మూసుకోని రోజు వస్తుంది. తొట్టె నింపిన రోజే మీ చేతులతో స్విచ్ ఆపి, సంపు ఎంతవరకు నిండుతుందో చూసి, అక్కడ మార్కర్‌తో గీత గీయండి.

నాలుగో మెట్టు: వేవ్‌మేకర్లు

అసలు ప్రవాహం వీటి నుంచే రావాలి. పాత తరహా పవర్‌హెడ్ సన్నని మూతి నుంచి, తోటకు నీళ్లు పట్టే గొట్టంలా, ఒకేచోటికి బలంగా కొడుతుంది. ఎదురుగా ఉన్న పగడం చర్మం చీరుకుపోతుంది, పక్కనున్నదానికి కదలికే తెలియదు. ప్రొపెల్లర్ ఉన్న వేవ్‌మేకర్ అంతే కరెంటుతో ఎక్కువ నీటిని వెడల్పుగా, మెత్తగా తోస్తుంది. ఇంటి తొట్టెకు రెండో రకమే కొనండి.

ఒక పెద్దదా, రెండు చిన్నవా అంటే నా ఓటు ఎప్పుడూ రెండు చిన్నవాటికే. ఒకటే ఉంటే రాళ్ల వెనక నీడలాంటి చోటు మిగులుతుంది; అక్కడ మురికి చేరి ఎర్రని జిగురు నాచు పడుతుంది. రెండు ఉంటే ప్రవాహాలు ఎదురెదురుగా ఢీకొని ఏ దిక్కుకూ స్థిరపడని సుడులు పుడతాయి. పగడాలకు కావలసింది అదే. ఒకటి చెడిపోయినా రెండోది తిరుగుతూనే ఉంటుందన్న ధీమా అదనం. మన తొట్టెకు 1,500 నుంచి 2,000 లీటర్ల మధ్య ఉన్నవి రెండు, వేగం తగ్గించే వీలున్నవి, తీసుకోండి. చౌక పెట్టెల మీది అంకెల్లో కొంత గొప్ప ఉంటుంది కాబట్టి లెక్క కన్నా కాస్త పైకే వెళ్లినా నష్టం లేదు.

ఏసీనా, డీసీనా అన్నది ధర చూసి తేల్చే విషయం కాదు. ఏసీ వేవ్‌మేకర్ చౌక, నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించవచ్చు, ఒకే వేగంతో తిరుగుతుంది. డీసీదానికి అడాప్టరు, కంట్రోలరు ఉంటాయి. వేగం మార్చవచ్చు, ఆగి ఆగి తిప్పవచ్చు, రాత్రికి తగ్గించవచ్చు. వీలున్న మోడలైతే బ్యాటరీకీ కలపవచ్చు. రెండింటిలో ఒక్కటైనా డీసీ ఉండాలని నా పట్టు. కారణం ఆరో మెట్టులో.

బ్రాండ్ల విషయానికొస్తే జర్మనీ టుంజే, ఇటలీ సిచే ఖరీదైనవి, మన్నికైనవి. మోటారు గాజు బయట ఉండి అయస్కాంతంతో లోపలి ప్రొపెల్లర్‌ను తిప్పే వోర్టెక్ మరీ ఖరీదు. చైనా జెబావో, సోబో అందుబాటు ధరలో ఉంటాయి, వీటినే ఎక్కువమంది వాడతారు. ఖరీదైనది ఒకటి కొని రెండోది లేకుండా ఉండేకంటే, మధ్యరకం రెండు కొని విడి ఇంపెల్లర్ (పంపు లోపల తిరుగుతూ నీటిని తోసే భాగం) దాచుకోవడం మేలు.

ఐదో మెట్టు: వేడి

నీటిలో మునిగి ఉండే పంపు తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి నీటిలో వేడిగానే మిగులుతుంది. వేవ్‌మేకర్లు, రిటర్న్, స్కిమ్మర్ (నురగతో వ్యర్థాన్ని నీటిలోంచి తీసే పరికరం) కలిపి 60 వాట్లు అనుకుంటే, చల్లబడే దారి లేకపోతే 150 లీటర్ల నీరు గంటకు మూడోవంతు డిగ్రీ వేడెక్కుతుంది. నెలకు 43 యూనిట్ల కరెంటు బిల్లు వేరే. అందుకే ఒకే ప్రవాహం ఇచ్చే రెండు పంపుల్లో తక్కువ వాట్లది ఎంచుకోండి, కాస్త ధర ఎక్కువైనా సరే.

ఊరిని బట్టి ఈ లెక్క మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయగడ, గుణుపురంలలో పొడి ఎండ కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే ఆవిరై బాగానే చల్లబడుతుంది. బరంపురం, గోపాల్‌పూర్ ఉక్కపోతలో ఆ ఫ్యాను అంతగా పనిచేయదు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, వేడి బాధ తక్కువ. అయితే గాలి పీడనం తక్కువ కాబట్టి అదే ఉష్ణోగ్రత దగ్గర నీటిలో కరిగే ఆక్సిజన్ తీరం కన్నా దాదాపు పదోవంతు తక్కువ. అక్కడివారు ఉపరితల కదలికను మరింత పట్టించుకోవాలి.

ఆరో మెట్టు: కరెంటు పోయిన రాత్రి

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత గంజాం జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. ఇవి పెద్దవి, వేసవి సాయంత్రాల గాలివానకు రెండు మూడు గంటలు కరెంటు పోవడం మామూలే.

ఆ గంటల్లో తొట్టెను చంపేది ఆక్సిజన్ కొరత. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీటిలో లీటరుకు 6.7 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. పగడాల ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు రాత్రిపూట ఆక్సిజన్ తయారుచేయదు. చేపలు, పగడాలు, రాళ్లలోని బ్యాక్టీరియా అన్నీ వాడుకునేవే. నీరు నిలిచిపోతే ముందు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

కాబట్టి బ్యాకప్ మీద ఉండాల్సింది ఒక్క వేవ్‌మేకర్, మూతి కొంచెం పైకి తిప్పి నీటి పైభాగాన్ని కదిలించేలా. లైట్లు, స్కిమ్మర్, రిటర్న్ పంపు అక్కర్లేదు. అన్నింటినీ ఇన్వర్టర్‌కు తగిలిస్తే బ్యాటరీ త్వరగా అయిపోయి, అవసరమైనదే ఆగిపోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే లెక్క ఇలా. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. సగమే నమ్ముకుందాం, 900. వేవ్‌మేకర్ 10 వాట్లు, ఇన్వర్టర్ తన కోసం తినేది ఇంకో 20. ఆ లెక్కన 30 గంటలు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్లు కూడా దాని మీదే తిరిగితే ఇది నాలుగోవంతుకు పడిపోవచ్చు. తుపాను రాత్రి ఫ్యానా, పగడమా అన్నది ఇంటివాళ్లతో ముందే తేల్చుకోండి. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దా కాదా చూడండి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి.

ఇన్వర్టర్ లేనివారికి డీసీ వేవ్‌మేకర్ ఉపయోగపడేది ఇక్కడే. 12 వోల్టుల మీద తిరిగే మోడల్ అయితే 7 ఆంపియర్ అవర్ల చిన్న సీల్డ్ బ్యాటరీలో సగం వాడినా 5 వాట్ల వేగంతో ఎనిమిది గంటలు వస్తుంది. కంట్రోలరు 24 వోల్టులే కోరేదైతే రెండు బ్యాటరీలు వరుసలో కలపాలి, అదీ తయారీదారు అనుమతిస్తేనే. ఇంకా చౌక దారి, కరెంటు పోగానే దానంతటదే తిరిగే బ్యాటరీ ఎయిర్ పంపు. అక్టోబరు మొదట్లో సెల్స్ మార్చి పెట్టుకోండి.

కరెంటు తిరిగి వచ్చినప్పటి పరీక్ష కూడా కొన్న రోజే చేయాలి. కొన్ని కంట్రోలర్లు పాత సెట్టింగు మరిచిపోయి ఆగిన స్థితిలోనే ఉండిపోతాయి. స్విచ్ కొన్నిసార్లు ఆపి వేసి చూడండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానంతటది మొదలవ్వని పంపు ఎంత గొప్పదైనా తిరిగి ఇచ్చేయాల్సిందే.

ఏడో మెట్టు: బిగించడం, చూడటం

రెండు వేవ్‌మేకర్లను పక్క గాజులకు ఎదురెదురుగా, పై మూడోవంతులో, సరిగ్గా ముఖాముఖి కాకుండా కాస్త పక్కకు తిప్పి పెట్టండి. గాజు మందం 8 మిల్లీమీటర్లా, 10 మిల్లీమీటర్లా కొలిచి, అయస్కాంతం ఆ మందానికి సరిపోతుందో లేదో చదివి కొనండి. అయస్కాంతం జారితే పంపు ఇసుకలో పడి తుపాను రేపుతుంది కాబట్టి తీగకు ఒక ప్లాస్టిక్ ట్యాగు వేసి పై అంచుకు కట్టండి. అయస్కాంతం మీది పూత పగిలి తుప్పు మరక కనిపిస్తే ఆ రోజే తీసేయండి. ఎనిమోన్ (పగడాల చుట్టమైన, పువ్వులాంటి మెత్తని జీవి) ఉన్న తొట్టెలో పంపు జాలీకి స్పాంజి తొడుగు తప్పనిసరి. అది నడుచుకుంటూ వెళ్లి ప్రొపెల్లర్‌లో చిక్కితే తొట్టె నీరంతా పాడవుతుంది.

ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది. తొట్టె లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్) పెట్టించండి, ఎర్తింగ్ చూపించుకోండి. ప్రతి తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు కారే చుక్కలు కింద పడిపోతాయి. చేయి పెట్టే ముందు స్విచ్ ఆపండి.

ఇప్పుడు ప్రవాహాన్ని కంటితో చూడాలి. చిటికెడు మేత నలిపి నీటిలో వదిలి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. రేణువులు తొట్టె అంతా గిరగిరా తిరిగి నెమ్మదిగా పడుతుంటే బాగుంది. ఒక మూల కుప్పపడితే అక్కడ నీరు కదలడం లేదు. ఇసుక ఒకచోట గుంట పడితే పంపు మూతి కిందికి ఉంది. జీనియా, లెదర్ కోరల్ పాలిప్స్ (ఒంటి మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న భాగాలు) ఇటూ అటూ ఊగాలి. ఒకే వైపు వంగి అలాగే ఉండిపోతే ప్రవాహం నేరుగా కొడుతోందని అర్థం. జోవాంథిడ్లు రెండు మూడు రోజులైనా ముడుచుకొనే ఉంటే వేగం తగ్గించి చూడండి. ఉపరితలం అలల్లా వణకాలి, చిమ్మకూడదు. చిమ్మితే లైటు మీద, గోడ మీద ఉప్పు పేరుకుంటుంది.

ఎనిమిదో మెట్టు: కొనడం, కడగడం

మన ఊళ్లలో ఉప్పునీటి సామాను అరుదు. కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంత, చెన్నై కొళత్తూరు అంగళ్లు పేరున్నవి. బరంపురం హౌరా–చెన్నై రైలు మార్గంలోనే ఉండటం మనకు కలిసొచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పంపుతో పాటే విడి ఇంపెల్లర్, అది తిరిగే ఇరుసు అంటే షాఫ్టు కూడా తెప్పించండి. పార్శిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. సిరామిక్ షాఫ్టు విరిగి వస్తే వారంటీ గొడవలో అదే సాక్ష్యం.

గోపాల్‌పూర్ నుంచి క్యాన్లలో సముద్రపు నీరు తెచ్చుకునేవారికి ఒక మాట. వానాకాలంలో, ఆ తర్వాత కొన్ని నెలలు బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది, ఋషికుల్య ముఖద్వారం దగ్గర మరీను. లవణీయత కొలవకుండా పోయకండి. ఇసుక పూర్తిగా దిగే వరకు నిలవపెట్టి పైతేట మాత్రమే వాడండి. సన్నని ఇసుక షాఫ్టును అరగదీస్తుంది, పంపు గరగర శబ్దం మొదలవుతుంది.

రెండు మూడు నెలలకు ఒకసారి పంపులు విప్పి కడగాలి. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గంటసేపు నానబెడితే తెల్లని సున్నపు పొర మెత్తబడుతుంది. నిమ్మ ఉప్పు కరిగించిన నీరైనా సరే. పాత టూత్‌బ్రష్‌తో ఇంపెల్లర్ గూడు లోపల రుద్దండి. షాఫ్టును మాత్రం వేళ్లతో మెల్లగా లాగాలి, పట్టకారుతో లాగితే పుటుక్కున విరుగుతుంది. ఇంపెల్లర్ అయస్కాంతం ఉబ్బినా, చీలిక కనిపించినా కొత్తది వేయండి. రెండు వేవ్‌మేకర్లనూ ఒకే రోజు తీయకుండా ఒక్కొక్కటీ ఒక్కో వారం కడిగితే తొట్టెలో నీరు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.